బ్రేకు బోల్టులు - తుప్పు పట్టని ఉక్కు

వానలు వెనుకబట్టి పత్తి తీతలు మొదలగు నాటికి కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో పెక్కు మోటారు సైకిళ్ల ముందు చక్రము కడ నాలుగైదు ఎర్రని చుక్కలు కనబడును. అవి బ్రేకు డిస్కును చక్రమునకు బిగించిన బోల్టుల తలలు. నాలుగు నెలల తడికి వాటి పూత పోయి తుప్పు పైకి వచ్చినది. బండిని బిడ్డవలె చూచుకొను యువకునికి ఆ ఎరుపు కంటిలో నలుసు. వెంటనే కొట్టునకు పోయి, అద్దమువలె మెరయు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు కొని తెచ్చి పాతవాని స్థానమున బిగించును. బండికి అందము వచ్చినది, బలమును వచ్చినదని తలంచును.

(2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విడిపోయినవి. అయినను మనము పాత పేర్లతోనే ఆ నేలను పిలుచుకొందము.)

అందము వచ్చిన మాట నిజమే. బలము మాటయే విచారింపవలసి యున్నది. తుప్పు పట్టనిది గట్టిదియే యగునని మన తలంపు. వంటింటి పళ్లెములు, గిన్నెలు మనకు నేర్పిన పాఠమది. కాని గిన్నె చేయవలసిన పని వేరు, బ్రేకు బోల్టు చేయవలసిన పని వేరు.

ఆ పని యేమి? గోడకు కొట్టిన మేకు బరువును మోసినట్లు, బోల్టు అడ్డముగ నిలిచి డిస్కును ఆపుచున్నదని పలువురు అనుకొందురు. అట్లు కాదు. ఎడ్లబండి చక్రమునకు కమ్మరి ఇనుప పట్టా ఎక్కించుట మన గ్రామములలో పెద్దలు చూచినదే. పట్టాను ఎర్రగ కాల్చి, చక్రము చుట్టును తొడిగి, నీరు పోయును. పట్టా ముడుచుకొని కొయ్యను నలువైపుల నుండి అదిమి పట్టును. మేకులు లేకున్నను ఆకులు, నాభి, కోరలు ఒక్కటిగ నిలుచుటకు ఆ అదుముడే కారణము. బోల్టును ఇట్టిదే. పానాతో త్రిప్పినపుడు అది వెంట్రుకవాసి సాగును. సాగిన స్ప్రింగు ముడుచుకొనవలెనని లాగినట్లు, డిస్కును చక్రమునకు లాగి అదుమును. ఆ అదుముడు వలన రెండు లోహముల నడుమ పుట్టు రాపిడియే బ్రేకు దెబ్బను మోయుచున్నది. బిగింపు చాలినంత కాలము బోల్టునకు అడ్డపు దెబ్బ తగులనే తగులదు. బిగింపు సడలినదా, డిస్కు వెంట్రుకవాసి అటునిటు కదలును. ప్రతి బ్రేకునకు బోల్టు వంగి లేచును. తీగను పలుమారులు వంచినచో తెగినట్లు ఒకనాడు తెగును.

ఎంత బిగింపు కావలెనో ఉజ్జాయింపుగ లెక్క వేయుదము. బండియు మనిషియు కలిసి 250 కిలోలు అనుకొనుడు. గట్టిగ బ్రేకు వేసినపుడు రోడ్డు బండిని వెనుకకు నెట్టు బలము సుమారు 150 కిలోల బరువంత. అందు ముందు చక్రము వంతు 110 అనుకొందము. ఈ బలము చక్రము అంచున, కేంద్రమునకు 30 సెంటీమీటర్ల దూరమున పని చేయుచున్నది. డిస్కు బోల్టులు కేంద్రమునకు 5 సెంటీమీటర్ల దూరముననే యున్నవి. గునపపు సూత్రము ననుసరించి అచ్చట బలము ఆరు రెట్లు, అనగా 660 కిలోలు. దీనిని రాపిడియే మోయవలెను. ఇనుమునకు చక్రపు లోహమునకు నడుమ రాపిడి అదుముడులో ఏడవ వంతు అనుకొందము. కావున మొత్తము బిగింపు సుమారు 4,600 కిలోలు. అయిదు బోల్టులు పంచుకొన్నచో ఒక్కొక్కదానికి 900 కిలోలకు కొంచెము ఎక్కువ. ఇది ఒక్కడు పోవు బండి లెక్క. ఆదిలాబాదు నుండి నిర్మలు వైపు మహబూబ్ ఘాటు దిగునపుడు, వెనుక మరియొకరును బస్తాయును ఉన్నచో ఈ లెక్క ఇచ్చటనే ఆగదు.

ఇక బోల్టు ఎంత లాగగలదో దాని తలమీదనే వ్రాసియుండును. మామూలు ఉక్కు బోల్టుపై 8.8 అనియో 10.9 అనియో గుర్తు కనబడును. స్టెయిన్‌లెస్ బోల్టుపై ఏ2-50, ఏ2-70, ఏ2-80 అను గుర్తులు. 8 మిల్లీమీటర్ల బోల్టును తీసికొన్నచో, 10.9 రకము శాశ్వతముగ సాగిపోకుండ సుమారు 3,100 కిలోల లాగుడును ఓర్చును. 8.8 రకము 2,160 కిలోలు. ఏ2-70 సుమారు 1,680. ఏ2-50 కేవలము 785. బిగించునపుడు ఈ హద్దులో మూడు పాళ్ల వరకే పోవుట ఆచారము. అట్లు చూచినచో 10.9 బోల్టు 2,300 కిలోల బిగింపు నిచ్చును, ఏ2-70 బోల్టు 1,260 మాత్రమే. ఏ2-50 మన 900 కిలోల లెక్కను అందుకొననే లేదు.

చిక్కు ఇచ్చటనే యున్నది. తయారీదారు 10.9 బోల్టునకు నిర్ణయించిన బిగువుతోనే ఏ2-70 బోల్టును బిగించితిమా, అది తన హద్దు దాటి సాగిపోవును. సాగినది మరల ముడుచుకొనదు గనుక పట్టు పోవును. పోనీ తక్కువగ బిగింతమా, చాలినంత అదుముడు రాదు. ఎటు పోయినను నష్టమే. పైపెచ్చు కొట్లలో దొరకు మెరుపు బోల్టులలో పెక్కింటికి ఏ గుర్తును ఉండదు. గుర్తు లేని బోల్టు పేరు లేని మందువంటిది. దానిని బ్రేకు దరికి రానీయరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఉక్కునందు ఇన్ని తరగతులా యని ఆశ్చర్యపడుట ఇతరులకు తగునేమో గాని ఉత్తర తెలంగాణమువారికి తగదు. ఈ జిల్లాల పొరుగుననే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. అచ్చటి మూసలలో కరగిన ఉక్కును కొనుటకు పారశీక దేశపు వర్తకులు వచ్చెడివారు. హెన్రీ వోయిసీ అను వైద్యుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణన, ఆయన మరణించిన పిదప 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. రెండు వేర్వేరు తావుల ఇనుమును కలిపి మూసలో పెట్టెడివారని ఆయన వ్రాసెను. 2010లో దేశ విదేశ పరిశోధకులు ఉత్తర తెలంగాణమందలి ఊరూర తిరిగి పాత కొలుముల చిట్టెపు కుప్పలను పరిశీలించిరి. ఆంగ్లేయులు వూట్జ్ అని పిలిచినది మన ఉక్కు అను మాటయేనని పండితుల అభిప్రాయము. ఆ ఉక్కు కత్తి అంచునకు సాటిలేనిది. కాని బొగ్గుపాలు హెచ్చుగ నుండుటచే పెళుసు, తడి తగిలినచో తుప్పు పట్టును. దానితో బోల్టు చేయుమని ఆ కమ్మరులలో ఎవ్వరిని అడిగినను నవ్వియుందురు. ఏ ఉక్కు ఏ పనికో వారెరుగుదురు.

తుప్పు పట్టని ఉక్కు వేరొక జాతి. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ 1913లో దీనిని పోత పోసెను. జర్మనీలో క్రుప్ కర్మాగారమువారును ఆ కాలముననే వేరొక రకమును కనుగొనిరి. ఇనుములో కనీసము నూటికి పదిన్నర పాళ్లు క్రోమియము చేరినచో, గాలి తగిలినంతనే పైన కంటికి కానరాని పొర యొకటి ఏర్పడును. గీచినను మరల అల్లుకొను ఆ పొరయే తుప్పును ఆపుచున్నది. బోల్టులకు వాడు ఏ2 రకమున సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు. ఈ రకమును కాల్చి నీట ముంచి గట్టిపరచుట సాధ్యము కాదు. చల్లగ నుండగ నొక్కి సాగదీసియే గట్టిపరుపవలెను. కావుననే అది మెత్తన. డిస్కును సాధారణముగ తుప్పు పట్టని ఉక్కుదియే. కాని అది కాల్చి గట్టిపరచిన మరియొక రకము. అయస్కాంతము పెట్టి చూడుడు: డిస్కునకు గట్టిగ అంటుకొనును, ఏ2 బోల్టునకు అంటీ అంటనట్లుండును. ఒకే పేరు గల ఇద్దరు మనుష్యులవంటివి ఇవి.

వేడి మాట కూడ చెప్పవలెను. రామగుండములో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. ఘాటు దిగిన డిస్కు వేడి ముందు అది లెక్కలోనిది కాదు. ఏ2 ఉక్కు వేడికి డిస్కు కంటె సుమారు ఒకటిన్నర రెట్లు హెచ్చుగ పొడుగగును. బోల్టు పొడుగైనచో బిగింపు కొంత సడలును. బిగింపు అత్యవసరమైన వేళనే అది తగ్గునన్నమాట.

అయినను ఈ బోల్టులను ఒక్కమాటలో త్రోసిపుచ్చుట న్యాయము కాదు. విశాఖపట్టణమున సముద్రపు ఉప్పుగాలికి మామూలు బోల్టు తల ఏడాది తిరుగకుండ కరిగిపోవుట కలదు. అచ్చటివారికి తుప్పు పట్టని బోల్టుపై మక్కువ కలిగినచో తప్పు పట్టలేము. మన జిల్లాలకు ఉప్పుగాలి లేదు. ఇచ్చటి శత్రువులు వేరు. ఆదిలాబాదు నల్లరేగడి బురద మడ్‌గార్డు క్రింద దట్టముగ పట్టి దినముల తరబడి తడిని దాచును. మందమర్రి, గోదావరిఖని ప్రాంతముల బొగ్గుధూళియు అట్టిదే. వీటికి నీటితో కడుగుటయే మందు. ఒక్క విషయమున మాత్రము రైతులు జాగ్రత్తపడవలెను: పొటాషు ఎరువు బస్తాను బండిపై వేసికొని పోవునపుడు రాలు పొడి, సముద్రపు ఉప్పునకు తోబుట్టువే. దానిలోని క్లోరైడు అల్యూమినియమును తినును, తుప్పు పట్టని ఉక్కు పైపొరను సైతము గుంతలు పడునట్లు చేయును. ఎరువు దింపిన నాడే బండిని కడుగుట మంచిది.

అల్యూమినియము మాట వచ్చినది గనుక, క్యాలిపరును పెక్కు బండ్ల చక్రమును ఆ లోహముతోనే చేయుదురని గుర్తుంచుకొనవలెను. అల్యూమినియమును తుప్పు పట్టని ఉక్కును తడిలో తాకుచున్నచో, టార్చి బ్యాటరీలోవలె సన్నని విద్యుత్తు పారి అల్యూమినియము కరుగును. తెల్లని పొడి పుట్టి మరలను నింపివేయును. రెండేండ్ల తరువాత విప్పబోయినచో బోల్టు రాదు, తలయైనను తెగును, లేక మరలనైనను ఊడబెరుకుకొని వచ్చును. ఇక స్టెయిన్‌లెస్ బోల్టుపై స్టెయిన్‌లెస్ నట్టునే వేగముగ త్రిప్పినచో రెండును ఒకదానినొకటి కొరికి పట్టుకొనును. సగము దారిలో ఇటు రాదు, అటు పోదు. కావున ఇట్టి చోట్ల రాగి లేక నికెలు కలిసిన లేపనము పూసి చేతితో నెమ్మదిగ ఎక్కింపవలెను. లేపనము పూసిన మర జారుడుగ నుండును గనుక పొడి మరకు చెప్పిన బిగువు నిచ్చినచో అతిబిగువగును. నాలుగవ వంతు వరకు తగ్గించుట ఆచారము. డిస్కు బోల్టులకు కర్మాగారములో మర జిగురు పూసి పంపుదురు. జిగురును లేపనమును ఒకే బోల్టుపై చెల్లవు.

మరి ఈ బోల్టులు ఎచ్చట చెల్లును? బ్రేకు నూనె డబ్బా మూత మరలు, గొట్టమును పట్టియుంచు చిన్న క్లిప్పుల మరలు, మడ్‌గార్డు బోల్టులు: వీటికి నిక్షేపముగ వాడవచ్చును. డిస్కు బోల్టులు, క్యాలిపరు బోల్టులు, క్యాలిపరు జారెడి పిన్నులు: వీటి జోలికి పోరాదు. ఏ2-80 గుర్తు గల బోల్టు బలమున 8.8కు సాటి వచ్చును, నిజమే. కాని తయారీదారు 10.9 పెట్టినచోట అదియు తక్కువే. డిస్కు బోల్టు తుప్పు పట్టినచో బండి కంపెనీ బోల్టునే, అది దొరకనిచో అదే గుర్తు, అదే పొడుగు, అదే మర గలదానిని, జింకు పూత మంచిదానిని చూచి కొనవలెను. పైతలకు పట్టిన పలుచని ఎరుపు బలమును తగ్గింపదు. ఇనుప బ్రష్షుతో రుద్ది కొంచెము మైనము రాచినచో సరిపోవును. తల అంచులు కరిగి పానా జారుచున్నపుడే మార్పు అవసరము.

మార్చునపుడు అన్నిటిని ఒక్కసారి విప్పక ఒకదాని తరువాత నొకటి మార్చుట మేలు. తుది బిగింపు ఎదురెదురుగ, నులకమంచము బిగించినట్లు, టార్క్ రెంచితో చేయవలెను. అయిదారు వందల రూపాయల పని చేయువారు ఈ పనిముట్టు లేదనుట ఒప్పుకొనదగినది కాదు. పొడుగు రెండు మిల్లీమీటర్లు హెచ్చైనచో బోల్టు గుంత అడుగును తాకి బిగిసినట్లు నటించును. పొట్టిదైనచో అల్యూమినియము మరలు ఊడును. బిగించిన పిదప తలమీది నుండి డిస్కు మీదికి రంగుతో సన్నని గీత గీసి, కొన్ని దినములు తిరిగిన తరువాత చూచినచో కదలినదీ లేనిదీ తెలియును.

డ్రమ్ము బ్రేకు బండ్లవారు ఇదంతయు తమకు కాదనుకొనరాదు. వెనుక చక్రమున బ్రేకు పళ్లెము గిర్రున తిరుగకుండ బండి చట్రమునకు పట్టియుంచు ఇనుప కడ్డీ యొకటి కలదు. దాని చివరి బోల్టు తెగినచో పళ్లెము చక్రముతోపాటు తిరిగి, బ్రేకు కడ్డీని మెలిపెట్టి, చక్రమును ఉన్నపాటున పట్టివేయును. ఈ బోల్టును మెరుపు కొరకు మార్చరాదు. దాని నట్టునకు గ్రుచ్చిన చీలపిన్ను ఉన్నదో లేదో నేడే వంగి చూడవలెను. చక్రము విప్పిన ప్రతిసారి పాత పిన్ను పారవేసి క్రొత్తది గ్రుచ్చుమని మెకానిక్కునకు చెప్పవలెను. దాని వెల రెండు మూడు రూపాయలు.