వంటింటి బల్ల మీద తుపాకుల కొట్టు

ఇంటి పక్కన ఓ గ్యారేజీ. అందులో ఓ మూల ఇనప బీరువా. గోడకి ఫ్రేము కట్టించి తగిలించిన లైసెన్సు. బల్ల మీద ఓ లావుపాటి లెక్కల పుస్తకం, కంప్యూటరు, పెన్ను. బోర్డు లేదు, షోకేసు లేదు. పగలంతా ఎక్కడో ఉద్యోగం చేసుకునే ఆ ఇంటాయన సాయంత్రం ఆరు దాటితే తుపాకుల వ్యాపారి! అమెరికాలో ఇలాంటివాళ్లకి ఓ పేరుంది... 'కిచెన్ టేబుల్ డీలర్'. వంటింటి బల్ల మీదే కొట్టు నడిపేవాడని అర్థం. మన వీధిలో పచ్చళ్లు పట్టి అమ్ముకునేవాళ్లలాగే అన్నమాట. సరుకే వేరు.

అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ హోటళ్లు 13 వేల పైచిలుకు. తుపాకులు అమ్మే లైసెన్సు ఉన్న డీలర్లు దాదాపు 50 వేలు. అందులో పెద్ద పెద్ద మాల్స్ ఉన్నాయి, తాకట్టు కొట్లున్నాయి, చేపలు పట్టే గాలాలతో పాటు రైఫిళ్లూ అమ్మే పల్లెటూరి దుకాణాలున్నాయి. తుపాకుల చట్టం అనగానే మనకి వైట్‌హౌసూ సుప్రీంకోర్టూ గుర్తొస్తాయిగానీ, ఆచరణలో ఆ చట్టం నిలబడేదీ కూలబడేదీ ఈ కొట్లవాళ్ల బల్ల దగ్గరే.

20 డాలర్ల రైఫిలు

ఒకప్పుడు ఈ లైసెన్సు ఖరీదు ఏడాదికి ఒక్క డాలరు! 1938లో వచ్చిన చట్టం పెట్టిన ఫీజు అది. తుపాకీ కావాలంటే కొట్టుకి వెళ్లాల్సిన పని కూడా ఉండేది కాదు. పత్రికలో ప్రకటన చూసి, కూపను నింపి, డబ్బు పంపితే పోస్టులో వచ్చేది. 1963లో లీ హార్వే ఆస్వాల్డ్ అలాగే తెప్పించుకున్నాడు. ఎ.హైడెల్ అని దొంగపేరు రాసి, షికాగోలోని ఓ క్రీడా సామగ్రి దుకాణం నుంచి 19.95 డాలర్లకి రైఫిలు కొన్నాడు. ఆ ఏడాది నవంబరు 22న డల్లాస్‌లో అధ్యక్షుడు కెనెడీ ప్రాణం తీసింది ఆ రైఫిలే.

అయినా చట్టం మారడానికి ఐదేళ్లు పట్టింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ రెండు నెలల తేడాలో హత్యకు గురయ్యాకగానీ 'గన్ కంట్రోల్ యాక్ట్' రాలేదు. పోస్టులో తుపాకీ నేరుగా ఇంటికి రావడం దాంతో ఆగింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చే తుపాకీ ఏదైనా ముందు లైసెన్సున్న డీలరు చేతికి రావాలి, అక్కణ్నుంచే కొన్నవాడి చేతికి వెళ్లాలి. మరి ఆ డీలరు లైసెన్సుకి ఫీజెంత? ఏడాదికి పది డాలర్లు. పది డాలర్లు పారేస్తే టోకు ధరకి తుపాకులొస్తాయంటే ఎవరు మాత్రం కాదంటారు! వ్యాపారం ఉద్దేశం లేనివాళ్లు కూడా తీసేసుకున్నారు. 1992 నాటికి లైసెన్సుల సంఖ్య 2.8 లక్షలు దాటింది. అమెరికాలో పెట్రోలు బంకుల కన్నా తుపాకుల డీలర్లే ఎక్కువన్న మాట అప్పుడు పుట్టిందే.

1993లో ఫీజుని మూడేళ్లకి 200 డాలర్లు చేశారు. మరుసటి ఏడాది వేలిముద్రలు, ఫొటో తప్పనిసరన్నారు. స్థానిక చట్టాలు ఒప్పుకుంటేనే కొట్టు పెట్టాలన్నారు. అంతే! 2001 నాటికి లైసెన్సులు సుమారు లక్షకి పడిపోయాయి. ఎవరినీ నిషేధించలేదు, ఏ కొట్టుకీ తాళం వేయలేదు. సరదాకి తీసుకున్నవాళ్లు తమంతట తామే తప్పుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ ఇంటికొస్తాడు

ఇప్పుడు లైసెన్సు కావాలంటే ఏటీఎఫ్ అనే కేంద్ర సంస్థకి దరఖాస్తు పెట్టుకోవాలి. మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాలు... ఇవన్నీ దాని పేరులోనే ఉన్నాయి. వయసు 21 నిండాలి. నేరచరిత్ర ఉండకూడదు. దరఖాస్తు నకలు ఒకటి స్థానిక పోలీసు అధికారికి పంపాలి. ఇంట్లోనే వ్యాపారం అంటే ఆ వీధిలో వ్యాపారానికి మునిసిపాలిటీ నిబంధనలు ఒప్పుకోవాలి. చాలామంది ఆశ ఇక్కడే ఆవిరవుతుంది. అద్దె ఇంటి యజమాని కుదరదంటాడు, లేదంటే కాలనీ సంఘం అడ్డుచెబుతుంది.

అన్నీ కుదిరితే ఏటీఎఫ్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వస్తాడు. తుపాకులు ఎక్కడ దాస్తారు, ఎవరికి అమ్ముతారు, లెక్కలెలా రాస్తారు అని అడుగుతాడు. చట్టాన్ని విడమరచి చెప్పి, అర్థమైందని సంతకం పెట్టించుకుంటాడు. దరఖాస్తు సరిగ్గా ఉంటే 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. మూడేళ్ల తర్వాత రెన్యువల్‌కి 90 డాలర్లే. ఓ చిన్న హోటలు తెరవడానికి తిరగాల్సిన ఆఫీసులతో పోలిస్తే ఇది పెద్ద కష్టమేం కాదనిపిస్తుంది. అసలు కష్టం లైసెన్సు వచ్చాకే!

అంకుల్ కోసం కొంటే నేరమా?

కొనడానికి వచ్చినవాళ్లతో డీలరు ముందుగా నింపించేది 4473 అనే ఫారం. పేరు, చిరునామా, నేరచరిత్ర, మాదకద్రవ్యాలు, పౌరసత్వం... వరసగా ప్రశ్నలు. వాటిలో ఒకటి చాలా చిన్నగా కనిపిస్తుంది... 'ఈ తుపాకీ కొంటున్నది నిజంగా మీరేనా?' అని. తేలిగ్గా తీసుకుంటే జైలే.

2009లో వర్జీనియాలో బ్రూస్ అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు తన అంకుల్ కోసం పిస్తోలు కొన్నాడు. తనకైతే పోలీసు డిస్కౌంటు వస్తుందని ఆలోచన. డబ్బు అంకుల్‌దే, ముందే 400 డాలర్ల చెక్కు ఇచ్చాడు. తుపాకీ కొనుక్కోవడానికి ఇద్దరికీ అర్హత ఉంది. కానీ ఫారంలో 'కొనేది నేనే' అని రాశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014లో ఐదుగురు న్యాయమూర్తులు నేరమే అన్నారు, నలుగురు కాదన్నారు. శిక్ష ఖాయమైంది. సొంత డబ్బుతో కొని కానుకగా ఇస్తే తప్పు లేదు, ఇంకొకరి డబ్బుతో వారి బదులు కొంటే తప్పు. 2022లో వచ్చిన చట్టం ఇలా బినామీగా కొనడాన్ని విడిగా నేరం చేసి, 15 ఏళ్ల దాకా శిక్ష పెట్టింది.

ఆ బినామీని పట్టుకోవాల్సింది మాత్రం డీలరే. మగవాడు తుపాకులన్నీ తిప్పి తిప్పి చూస్తాడు, ఇది కావాలంటాడు. ఫారం దగ్గరికొచ్చేసరికి పక్కనున్న అమ్మాయి పెన్ను అందుకుంటుంది. అలాంటప్పుడు 'అమ్మను పొండి' అనే హక్కు డీలరుకుంది. అమ్మకం పోతుందే అని చూసీ చూడనట్టు ఊరుకుంటే? ఆ తుపాకీ రేపు ఏ వీధిలో తేలుతుందో తెలియదు.

ఫారం నింపాక ఎఫ్‌బీఐకో రాష్ట్ర పోలీసులకో ఫోనైనా చేయాలి, కంప్యూటర్లోనైనా అడగాలి. 1998 నవంబరు నుంచి ఉన్న ఏర్పాటిది. మూడు జవాబుల్లో ఒకటొస్తుంది: ఇవ్వొచ్చు, ఇవ్వొద్దు, ఆగు. చాలాసార్లు నిమిషాల్లో పనైపోతుంది. 'ఆగు' అన్నప్పుడే చిక్కు. మూడు పనిదినాల్లో తేల్చి చెప్పకపోతే కేంద్ర చట్టం ప్రకారం డీలరు ఇచ్చేయొచ్చు. ఇవ్వాలని బలవంతమేం లేదు, ఇస్తే తప్పూ కాదు. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిదిమందిని కాల్చి చంపిన యువకుడికి తుపాకీ దొరికింది ఈ దారిలోనే. మాదకద్రవ్యాల కేసు కాయితం ఎఫ్‌బీఐ చేతికి అందేలోపే గడువు దాటిపోయింది. కొన్ని రాష్ట్రాలు ఈ గడువు పెంచుకున్నాయి. 2022 చట్టం కూడా 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో అవసరమైతే పది పనిదినాల దాకా ఆపొచ్చంది.

ఇంత తతంగమూ డీలరు దగ్గర కొంటేనే. తన పాత తుపాకీని ఎప్పుడో ఒకసారి పక్కింటాయనకి అమ్ముకునే మామూలు మనిషికి కేంద్ర చట్టం ప్రకారం ఫారమూ లేదు, ఫోనూ లేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రమే ఆ కంత పూడ్చాయి.

మిగిలేదెంత?

తుపాకులమ్మితే డబ్బే డబ్బు అనుకుంటాం. కొత్త తుపాకీ మీద చిన్న కొట్టుకి మిగిలేది తక్కువ. పెద్ద దుకాణాలూ ఇంటర్నెట్టూ కలిసి ధరల్ని కిందకి లాగేశాయి. చిన్న డీలర్ని బతికించేవి తూటాలు, ఒరలు, శుభ్రం చేసే నూనెలు, రిపేర్లు, పాత తుపాకుల కొనుగోళ్లు. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ కూడా డీలరుకే చేరాలి కాబట్టి, పరీక్ష చేయించి అప్పగించినందుకు 20 నుంచి 50 డాలర్ల దాకా తీసుకోవడం మామూలు. వంటింటి డీలర్లలో చాలామందికి ఇదే ప్రధాన ఆదాయం.

గిరాకీ కూడా భయాన్ని బట్టి ఉంటుంది. ఎన్నికలొచ్చినా, పెద్ద కాల్పులు జరిగినా కొట్ల ముందు క్యూలే. కరోనా ఏడాది 2020లో దేశవ్యాప్తంగా జరిగిన పరీక్షలు దాదాపు 4 కోట్లు. ఆ తర్వాత అరలు నిండుగా, గల్లాపెట్టె ఖాళీగా ఉండే రోజులూ వస్తాయి. అప్పు చేసి సరుకు నింపినవాడు అప్పుడే మునుగుతాడు.

కాయితాల కొండ

డీలరుకి తుపాకీ కన్నా బరువైంది పుస్తకం. కొన్న ప్రతి తుపాకీ నంబరూ మరుసటి పనిదినం ముగిసేలోగా ఎక్కించాలి. అమ్మింది ఏడు రోజుల్లో రాయాలి. ఐదు పనిదినాల్లో ఒకే మనిషికి రెండు పిస్తోళ్లు అమ్మితే విడిగా తెలపాలి. ఒక్కటి పోయినా 48 గంటల్లో చెప్పాలి. ఇన్‌స్పెక్టర్లు ఏడాదికోసారి ముందుగా చెప్పకుండా రావొచ్చు. సిబ్బంది చాలక ఏళ్ల తరబడి రాని కొట్లూ ఉన్నాయి.

ఎందుకింత రాత? హత్య జరిగిన చోట దొరికిన తుపాకీ ఎవరిదో పోలీసులకి తెలియాలంటే ఈ పుస్తకమే దారి. అమెరికాలో తుపాకుల యజమానుల జాతీయ జాబితా అంటూ లేదు. అలాంటిది తయారు చేయకూడదని 1986 చట్టమే కట్టడి చేసింది. అందుకే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఏటీఎఫ్ కేంద్రం ముందు తయారీదారుకి, తర్వాత టోకు వ్యాపారికి, చివరికి కొట్టువాడికి ఫోన్లు చేసుకుంటూ వెళుతుంది. డీలరు 24 గంటల్లో జవాబివ్వాలి. ఏడాదికి ఇలాంటి వాకబులు 6 లక్షల పైనే.

కొట్టు మూసేస్తే? పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో మార్టిన్స్‌బర్గ్‌కే! స్కాన్ చేస్తారు, కానీ పేరు కొట్టి వెతికే వీలుండదు. మనిషి కూర్చుని పేజీ తర్వాత పేజీ చూడాల్సిందే. పెట్టెల బరువుకి నేల కుంగుతుందని భయపడి ఆవరణలో సరుకు రవాణా కంటెయినర్లు పెట్టి వాటిలో దాచారంటే ఆ కాయితాల కొండ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

మనవాళ్లు, మన దేశం

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాలున్నవాళ్లు సాధారణంగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి పక్కాగా తెలియకుండా 'ఫ్రెండ్‌ది, ఊరికే నా గదిలో ఉంది' అంటే వీసాకే ముప్పు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డంకి లేదు.

మన దేశంలో కథ తిరగబడుతుంది. ఇక్కడ 1959 ఆయుధ చట్టం ప్రకారం అమ్మేవాడితో పాటు కొనేవాడికీ లైసెన్సుండాలి. జిల్లాలో కలెక్టరో, నగరంలో పోలీసు కమిషనరో ముందే విచారించి ఇస్తారు. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక మనిషికి రెండు తుపాకులకి మించి ఉండకూడదు. అంటే కొనే మనిషి ఎలాంటివాడో తేల్చే పని ఇక్కడ ప్రభుత్వానిది. అక్కడ చివరి చూపు కొట్టువాడిది.

ఆరు రోజుల్లో ముగ్గురు

ఆ చూపు ఎంత విలువైందో న్యూహాంప్‌షైర్‌లో ఒకాయనకి 2009లో తెలిసింది. రాల్ఫ్ డెమికో అక్కడ పేరున్న తుపాకుల దుకాణం యజమాని. వారం తిరక్కుండానే ముగ్గురు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు, ఆయన కొట్లో తుపాకీ కొని గంటల వ్యవధిలో ప్రాణం తీసుకున్నారు. ముగ్గురూ ఫారం సరిగ్గానే నింపారు. పరీక్షలో నెగ్గారు. చట్టపరంగా కొట్టు తప్పు ఏమీ లేదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలేనన్న సంగతి చాలామంది అమెరికన్లకే తెలియదు.

చట్టం తప్పు పట్టకపోయినా డెమికో ఊరుకోలేకపోయారు. తుపాకులంటే పడని ప్రజారోగ్య నిపుణులూ, ప్రభుత్వ జోక్యమంటే పడని తుపాకీ వ్యాపారులూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. హార్వర్డ్ పరిశోధకురాలు క్యాథరిన్ బార్బర్, డార్ట్‌మత్‌లో పనిచేసే ఎలైన్ ఫ్రాంక్ వాళ్లతో చేయి కలిపారు. డీలర్ల కోసం ఒక చిన్న కాయితం తయారైంది. కొనడానికొచ్చిన మనిషికి తుపాకుల గురించి ఏమీ తెలియదా? ఏదైనా సరే ఇచ్చేయమంటున్నాడా? ఎలా శుభ్రం చేయాలో, ఎలా దాచాలో వినే ధ్యాసే లేదా? విడాకులనో ఉద్యోగం పోయిందనో అన్నాడా? అయితే కాసేపు మాట్లాడండి, అనుమానమొస్తే అమ్మకండి, రేపు రమ్మనండి.

రాష్ట్రంలోని కొట్లన్నిటికీ పోస్టర్లు పంపారు. తర్వాత లెక్క చూస్తే దాదాపు సగం కొట్లలో అవి కనిపించాయి. ఎవరూ బలవంతం చేయలేదు! తుపాకీ భద్రతకి అప్పటిదాకా చెప్పుకునే పది సూత్రాలకి పదకొండోది చేర్చారు: ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే, తుపాకీని కొన్నాళ్లు బయట దాచండి. ఈ పద్ధతిని తర్వాత చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. అలా తాత్కాలికంగా తుపాకులు దాచిపెట్టే కొట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపిస్తూ కొలరాడోలో ఏకంగా ఓ మ్యాపే వేశారు.