గట్టు వెంబడి సైకిలు ప్రయాణము

సైకిలు తొక్కువారికి కావలసిన దారి ఎట్లుండవలెను? మోటారుబండ్ల తాకిడి ఉండరాదు. నేల మరీ గతుకులుగా ఉండరాదు. ఎగుడుదిగుడులున్నను అవి కాళ్ళ సత్తువకు మించినవి కారాదు. నీడయు, నడుమనడుమ ఊళ్ళును, దాహము తీర్చుకొనుటకు వీలును ఉన్నచో అంతకంటె కోరదగినది లేదు. ఇట్టి దారులకై పెక్కు దేశములు నేడు ప్రత్యేకముగా ధనము వెచ్చించుచున్నవి. గోదావరి జిల్లాలవారికి అవి నూరేండ్లకు పూర్వమే ఏర్పడి యున్నవి. వానిని మనము దారులుగా లెక్కించుట లేదు. గట్లు అని ఊరకున్నాము.

ఈ గట్లు ఎట్లు పుట్టినవో ముందుగా తెలిసికొనవలెను. ఆర్థరు కాటను దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్టను 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించెను. ధవళేశ్వరము నుండి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుండి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరము నుండి పశ్చిమ డెల్టాకు కాలువలు బయలుదేరినవి. ఆ పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి పూర్తియైన బ్యారేజి నేడు నీటిని మళ్ళించుచున్నది. కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలు నడచుటకును పనికిరావలెనని కాటను సంకల్పము. గాలి తోడ్పడని వేళ పడవవాండ్రు గట్టెక్కి, త్రాడు పట్టి పడవను లాగుచు నడచెడివారు. అందుచేత గట్టు తెంపులేని బాటగా ఉండవలసి వచ్చినది. తరువాతి కాలమున మోటారు రోడ్లు పెరిగి పడవలు తగ్గిపోయినవి. వారు నడచిన బాట మాత్రము పెక్కుచోట్ల నిలిచియున్నది.

ఆ బాట చదునుగా ఉండుటకు కారణము నీరే. కాలువ వాలు ఎక్కువైనచో నీరు గట్లను కోయును; తక్కువైనచో మేట వేయును. రాజమహేంద్రవరము సముద్రమట్టమునకు సుమారు 14 మీటర్ల ఎత్తున ఉన్నది. సముద్రము 60 కిలోమీటర్లకు పైబడిన దూరములో ఉన్నది. అనగా నేల సుమారు నాలుగు కిలోమీటర్లకు ఒక మీటరు చొప్పున వాలుచున్నది. ఈ వాలు కంటికి ఆనదు, కాళ్ళకు తెలియదు. వాలు మిగిలిన చోట లాకు కట్టి, నీటిని ఒక్కసారిగా కొన్ని అడుగులు దింపుదురు. గట్టు మీద పోవు సైకిలు వానికి లాకు దగ్గర వచ్చు చిన్న పల్లమే పల్లము.

గట్లలో రెండు తెగలున్నవి. కాలువగట్టు ఒకటి, ఏటిగట్టు రెండవది. కాలువగట్టు నీటిని నడుపును. ఏటిగట్టు వరదను ఆపును. ఏటిగట్టు ఎత్తుగా ఉండుటచే ఒకవైపు లంకలు, నదీపాయ, వేరొకవైపు కొబ్బరితోటలు, వరిచేలు చక్కగా కనబడును. ఇవిగాక పొలముల నడుమ బండ్లు పోవు పుంతలున్నవి. ఎండకాలమున అవి సైకిలుకు మంచివే గాని, వానపడినచో నల్లరేగడి చక్రమునకు పట్టుకొని కదలనీయదు.

గట్లన్నియు నిర్భయములని మేము చెప్పుట లేదు. రాజమహేంద్రవరము నుండి కడియము, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోటల మీదుగా కాకినాడకు పోవు కెనాల్ రోడ్డు పేరునకు కాలువ వెంబడి దారియే. కాని అది బస్సులకు, లారీలకు ముఖ్యమార్గము. ఒక ప్రక్క కాలువ ఉండుటచే తప్పుకొనుటకు చోటు తక్కువ. 16వ నంబరు జాతీయ రహదారి సంగతి చెప్పనక్కరలేదు. సైకిలు వాడు వెదకవలసినది మోటారు రోడ్డు వేయని అవతలి గట్టును, ఊళ్ళ మధ్య మాత్రమే రాకపోకలున్న ఏటిగట్టును.

మొదటిసారి బయలుదేరువారికి మధ్య డెల్టా అనుకూలము. తెల్లవారుచుండగా ధవళేశ్వరము నుండి బ్యారేజి దాటి బొబ్బర్లంక చేరవలెను. బ్యారేజి మీద మోటారుబండ్లుండును గనుక ఆ భాగమును తొలివేళనే ముగించుట మంచిది. బొబ్బర్లంక నుండి ప్రధాన కాలువ వెంబడి పోయినచో లొల్ల లాకులు వచ్చును. ఇక్కడ కాలువ శాఖలుగా చీలి కోనసీమ నలుమూలలకు పోవును. డెల్టా ఎట్లు బ్రతుకుచున్నదో పిల్లలకు చూపింపవలెనన్న ఇంతకంటె మంచిచోటు లేదు. చేరువనే పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురము, జగన్మోహినీ కేశవస్వామి కోవెలయున్న ర్యాలి కలవు. వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనమునకు శనివారము నాడు జనము విశేషముగా వచ్చును గనుక, సైకిలు మీద పోవువారు వేరొక దినమును ఎంచుకొనవలెను.

రెండవ దారి గౌతమి ఎడమగట్టు. జొన్నాడ వద్ద జాతీయ రహదారిని విడిచి కపిలేశ్వరపురము మీదుగా కోటిపల్లి వరకు నది వెంబడి పోవచ్చును. కోటిపల్లి రేవున పంటు ఎక్కి గౌతమిని దాటినచో ముక్తేశ్వరము చేరుదుము. సైకిలును పంటు మీదికి ఎక్కించుకొనవచ్చును. నది పోటుమీద ఉన్నప్పుడు పంటు నిలుపుదురు గనుక ముందుగా విచారించి బయలుదేరవలెను.

కొంత అలవాటైన పిమ్మట పి. గన్నవరము వరకు పోదగును. అక్కడ కాలువ వైనతేయ పాయను అక్విడక్టు మీదుగా దాటి రాజోలు వైపు పోవును. క్రింద నది, పైన కాలువ. కాటను కాలపు కట్టడమునకు తోడు తరువాత కట్టిన క్రొత్తదానికి, అన్నదానమునకు ప్రసిద్ధికెక్కిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

డెల్టాలో కొండలు లేవని సంతోషింపవలదు. ఇక్కడ గాలియే కొండ. ఎదురుగాలిలో పది కిలోమీటర్లు తొక్కుట చిన్న ఘాటు ఎక్కుటతో సమానము. వేసవి దినములలో ఉదయము గాలి మందముగా ఉండి, మధ్యాహ్నము మొదలు సముద్రము వైపు నుండి వీచును. కావున తెల్లవారుజామున సముద్రము దిక్కునకు పోయి, గాలి లేచిన పిమ్మట దానిని వీపున పెట్టుకొని తిరిగివచ్చుట తెలివిగల పద్ధతి. వేసవిలో కొన్ని వారములు కాలువలు కట్టివేసి పూడిక తీయుదురు. అప్పుడు గట్టు మీద ట్రాక్టర్లు, దుమ్ము తప్పవు. వానలు వెనుకబట్టిన పిమ్మట, కార్తీకము మొదలు మాఘము వరకు, ఈ ప్రయాణములకు తగిన కాలము.

నిజమైన కొండలు కావలెనన్నవారు ఉత్తరమునకు పోవలెను. గోకవరము దాటి రంపచోడవరము చేరునప్పటికి తూర్పు కనుమలు ఎదురగును. మారేడుమిల్లి రాజమహేంద్రవరమునకు సుమారు 85 కి.మీ. దూరములో ఉన్నది. అక్కడినుండి చింతూరు వైపు పోవు ఘాటు రోడ్డు మీద బస్సులు, లారీలు తిరుగును. మలుపులలో ఎదుటిబండి కనబడదు. అందుచేత పెద్దరోడ్డు కంటె ఊళ్ళకు చీలిపోవు చిన్న తారురోడ్లే సైకిలుకు మేలు. కొండరెడ్లు, కోయలు నివసించు పల్లెలవి. వారి ఇండ్లను, పొలములను వింతవస్తువులవలె చూడరాదు. పాపికొండల అడవి 2008 నుండి జాతీయవనము. అందులోనికి అటవీశాఖ అనుమతి లేక పోరాదు.

కొండదారి శ్రమను లెక్కకట్టి చూతము. సైకిలు, మనిషి కలిసి 80 కిలోల బరువనుకొందము. చదునైన మంచి దారిలో చక్రముల ఒరపిడిని జయించుటకు అర కిలో, ముప్పాతిక కిలో బలము చాలును. నూటికి ఐదు వంతుల ఎగుడున్న చోట 4 కిలోల బలము అదనముగా కావలెను. గట్టు మీద నలుబది కిలోమీటర్లు అవలీలగా తొక్కినవాడు కొండలో పదికే అలసిపోవుట ఇందువలననే. దిగునప్పుడు ఒకే బ్రేకును విడువక పట్టియుంచరాదు. రెండింటిని కలిపి పట్టుచు విడుచుచుండవలెను. చీకటిపడక మునుపే కొండ దిగవలెను.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ దారులు వేడుకకు మాత్రమే కావు. బడికి పోవు పిల్లలు, కూలికి పోవువారు, పాలు, కూరగాయలు తెచ్చువారు నిత్యము వీని మీదనే సైకిలు నడుపుచున్నారు. గట్టును వెడల్పు చేసి తారు వేసినప్పుడు ఊరికి మేలు కలుగును, నిజమే. కాని ఇసుక ర్యాంపులకు పోవు బరువు లారీలు ఆ గట్టును పట్టినచో రెండు కీడులు వాటిల్లును. పిల్లవానికి దారి పోవును; గట్టునకు బలము పోవును. బరువుచక్రముల క్రింద క్రుంగిన గట్టు వరదనాటికి అప్పగింతయే. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగి కోనసీమ గ్రామములు మునిగిన సంగతి పెద్దలు మరువలేదు. సైకిలుకు ప్రియమైన గట్టు వరదకు గట్టి గట్టు. ఈ రెండు ప్రయోజనములకు విరోధము లేదు.

ఇతర దేశములవారు ఈ సంగతిని గ్రహించిరి. హాలండులో సముద్రపుగట్ల మీదను, నదీగట్ల మీదను సైకిలు బాటలు సాగుచున్నవి. ఫ్రాన్సులో 1681లో పూర్తియైన మిడి కాలువ ప్రక్కన, పూర్వము గుఱ్ఱములు పడవలను లాగిన బాట మీద నేడు సైకిళ్ళు నడచుచున్నవి. ఇంగ్లండులో బ్రిస్టలు, బాతు పట్టణముల నడుమ విడిచివేసిన రైలుదారిని 1979, 1986 నడుమ సైకిలు బాటగా మార్చిరి. మనకును రాజమహేంద్రవరము వద్ద 1900లో తెరచిన హేవలాకు వంతెన ఉన్నది. 1997 నుండి దానిమీద రైళ్ళు నడచుట లేదు. గోదావరి మీదుగా కాలినడకకు, సైకిలుకు మాత్రమే విడిచిన వంతెన ఎంత ఉపకారి కాగలదో ఊహింపవచ్చును.

పెద్ద ఖర్చులు కోరుట మా ఉద్దేశము కాదు. ఒక గట్టున మోటారు రోడ్డు వేసినప్పుడు అవతలి గట్టును కాలినడకకు, సైకిలుకు విడువవలెను. బరువుబండ్లు ఎక్కకుండ గట్టు మొదట రెండు రాతిస్తంభములు పాతినచో చాలును. కొట్టివేసిన చెట్ల స్థానమున గట్టు వాలునకు దిగువ, అధికారులు చూపిన చోట మొక్కలు నాటవలెను. గ్రామసభలలో ఈ మాట అడుగుట మన పని.

అంతవరకు ఆగనక్కరలేదు. రానున్న సెలవునాడు టైర్లలో గాలి చూచుకొని, ఒక పంక్చరు సామాను, సీసాతో నీరు, తలకు తుండుగుడ్డ వెంట ఉంచుకొని, తొలికోడి కూసిన వేళ మీ ఊరి కాలువగట్టు ఎక్కుడు. దారి ఎటు పోవునో నీరే చూపును.