సైకిలు గుర్తుంది, లెక్కల పుస్తకం మరిచాం

శాసనసభ్యుడంటే ఎలా ఉండాలి అని అడిగితే మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ పుచ్చలపల్లి సుందరయ్యగారి సైకిలు సంగతే చెబుతారు. పార్లమెంటుకీ సైకిలు మీదే పోయాడు, అసెంబ్లీకీ సైకిలు మీదే పోయాడు అని. నిజమే. ఈనాటి కార్ల బారులు చూసినవాళ్ళకి ఆ మాట చెవులకు చల్లగానే ఉంటుంది. కాకపోతే మాకొక అనుమానం. సైకిలు దగ్గరే ఆగిపోయి, మహానుభావుడని దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోవటం పాలకులకూ సులువే, మనకూ సులువే. ఆ సైకిలెక్కిన మనిషి సభలోకి ఏం మోసుకుపోయాడు, అక్కడినుంచి రైతుకు ఏం తేగలిగాడు, ఏం తేలేకపోయాడు? మనం విచారించవలసింది అది.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న ఇంట పుట్టారు. సుందరరామిరెడ్డి అన్న పేరులోంచి కులం తోక తీసేసుకున్నారు. మొదట పట్టుకున్న పని సొంత ఊళ్ళో వ్యవసాయ కూలీలను కూడగట్టటం. అంటే తన ఇంటివాళ్ళకే ఎదురు నిలవటం. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని సంయుక్త కార్యదర్శుల్లో ఆయన ఒకరు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అజ్ఞాతవాసం, తెలంగాణ రైతాంగ పోరాటం. అదంతా వేరే చెప్పుకోవలసిన పెద్ద కథ.

1952లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్ళి కమ్యూనిస్టు సభ్యులకు నాయకత్వం వహించారు. 1955లో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చేసరికి కృష్ణా జిల్లా గన్నవరం నుంచి నిలబడి గెలిచారు. ఆ ఎన్నికల సంగతి గుర్తున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కమ్యూనిస్టులకు నూటికి 31 వోట్లు పడ్డాయి. సీట్లు మాత్రం 196లో 15. వోటు వేసిన ముగ్గురిలో దాదాపు ఒకరు వీళ్ళ పక్షం, సభలో చూస్తే ఒక మూల బెంచీలు! మిగతావాళ్ళంతా ఒక్కటై నిలబడితే లెక్క అట్లా తిరిగింది. ఆ పదిహేను మందితోనే ఆయన కర్నూలు సభలో కూర్చున్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభ హైదరాబాదుకు మారింది. 1957లో తెలంగాణ ప్రాంతానికి మాత్రమే ఎన్నికలు జరిగాయి గనుక ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1962 దాకా కొనసాగారు. అంటే ఒకే గెలుపుమీద ఏడేళ్ళు.

ఆ ఏడేళ్ళలో రైతుకు సంబంధించి రెండు పెద్ద చట్టాలు వచ్చాయి. రెంటినీ కాస్త నిదానంగా చూద్దాం.

మొదటిది 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం. కౌలు గడువు ఆరేళ్ళకు తగ్గకూడదన్నారు. నీటివసతి ఉన్న భూమికి కౌలు పంటలో సగానికి మించకూడదన్నారు. కాగితం మీద చదివితే బాగానే ఉంది. (సగం పంట ఇంటికి కూర్చోబెట్టి ఇవ్వటమే న్యాయమా అన్న ప్రశ్న అలా ఉంచండి.) డెల్టాలో నడిచిందేమిటి? కౌలు నోటిమాట మీద. ఏడాదికి ఒకసారి. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం. పంట పండినా, వరదకు కొట్టుకుపోయినా ఆ బస్తాలు కొలవాల్సిందే. చట్టం ప్రకారం నాకు ఆరేళ్ళ హక్కుందని అన్నవాడికి మరుసటేడు చేను దక్కదు. కాగితం లేనివాడు ఏ కోర్టుకు పోయి ఏం చూపిస్తాడు?

రెండోది 1961 నాటి భూపరిమితి చట్టం. పరిమితి ఎంతో తెలుసా? భూమి తరగతిని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా! ఇంత ఎత్తున కప్పు వేస్తే దానికి తల తగిలే భూస్వామి ఎంతమంది ఉంటారు? ఆ కొద్దిమందికీ కొడుకుల పేర, కోడళ్ళ పేర, పాలేళ్ళ పేర రాయించుకునే వ్యవధి కావలసినంత దొరికింది. ఆ చట్టం పనికిరానిదని చివరికి ప్రభుత్వమే ఒప్పుకోక తప్పలేదు. 1973లో ఇంకొక చట్టం తెచ్చి మాగాణి 10 నుంచి 27, మెట్ట 35 నుంచి 54 ఎకరాలకు దించింది. అప్పటికి పన్నెండేళ్ళు గడిచాయి.

1962లో గన్నవరం మళ్ళీ ఆయన్నే పంపింది. కానీ ఆ సభాకాలంలో చాలా భాగం సుందరయ్య జైలులోనే ఉన్నారు. 1962 నవంబరులో చైనా యుద్ధం పేరు చెప్పి పట్టుకుపోయారు. 1964లో పార్టీ చీలి, సి.పి.ఎం.కు ఆయన ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివర మళ్ళీ అరెస్టు చేసి 1966 దాకా నిర్బంధించారు. వోటరు ఎన్నుకున్న మనిషిని ప్రభుత్వం ఇట్లా తాళం వేసి ఉంచితే గన్నవరం రైతు మొర ఎవరు వినాలి? 1967 తర్వాత పదకొండేళ్ళు ఆయన సభలో లేరు.

ఆ సభలో లేని కాలంలో చేసిన పని ఒకటుంది. సైకిలు కంటే అదే పెద్దదని మా అభిప్రాయం. 1974లో గుంటూరు జిల్లా అనంతవరం వంటి డెల్టా గ్రామాల్లో ఇంటింటి లెక్క తీయించారు. ఎవరికి ఎంత సొంత భూమి, ఎవరిది కౌలు, ఎవరు కూలికి పెడుతున్నారు, ఎవరు కూలికి పోతున్నారు, ఏ ఇల్లు ఏ వర్గం కిందికి వస్తుంది అని. అప్పటికి ఆయన దేశంలో ఒక పెద్ద పార్టీకి ప్రధాన కార్యదర్శి. అరవయ్యేళ్ళు దాటాయి. తీర్మానాలు రాయించుకుంటూ కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. రైతాంగంలో చీలిక ఎంత దూరం వచ్చిందో లెక్క కట్టకుండా మాట్లాడటం ఆయనకు చేతకాలేదు. ఆ లెక్కలు 1977లో ఒక ఇంగ్లీషు మాసపత్రికలో అచ్చయ్యాయి. మన తెలుగు రైతు వాటిని ఎంతమంది చూశారు? ఆ తప్పు మాబోటి పత్రికలవాళ్ళది కూడా.

1976లో పార్టీతో అభిప్రాయభేదాలు వచ్చి ప్రధాన కార్యదర్శి పదవి వదిలేశారు. 1978లో గన్నవరం నుంచి మళ్ళీ గెలిచారు. అప్పటికి ఆయనకు 64. సభలో సి.పి.ఎం. వాళ్ళు 8 మంది. 1983 దాకా ఉన్నారు. 1985 మే 19న కన్నుమూశారు.

మూడుసార్లు గెలిచిన మనిషి. అయితే ఆయన పక్షం బెంచీలు ఎప్పుడూ ఎదురువైపే. కౌలుదారుకు హక్కు ఇచ్చే చట్టాన్ని నడిపించేంత బలం ఆయనకు ఆ సభలో ఎన్నడూ లేదు. చేతులెత్తే వాళ్ళలో భూములున్నవాళ్ళే ఎక్కువైనప్పుడు ఒక్క మనిషి నిజాయితీ చట్టాన్ని ఎంత దూరం లాగగలదు? ఈ సంగతి ఆయన్ను పొగిడేవాళ్ళూ చెప్పరు, తెగిడేవాళ్ళూ చెప్పరు.

2005-06లో పరిశోధకులు అనంతవరానికే మళ్ళీ వెళ్ళి ఇంటింటి లెక్క తీశారు. సగానికి పైగా ఇళ్ళకు సొంత సేద్యపు భూమి లేదు. కౌలు సేద్యం ముమ్మరంగా ఉంది. ఆ కౌలుదార్లలో దళితులు ఎక్కువ. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దీనికి పేరులోనే హక్కులున్నాయి. కార్డు గడువు 11 నెలలు. భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందని కౌలుదారు భయం. కార్డు లేనివాడికి బ్యాంకు గడప ఎక్కటం కష్టం, పంట పోతే నష్టపరిహారం కష్టం. అప్పుకు మళ్ళీ ఎరువుల కొట్టువాడి దగ్గరికో, వడ్లు కొనే వ్యాపారి దగ్గరికో పోవాలి.

అడంగల్‌లో పట్టాదారు అని ఒక గడి, అనుభవదారు అని ఇంకొక గడి ఉంటాయి. చేలో దిగి నాగలి పట్టినవాడి పేరు రెండో గడిలో పడాలి. మేము తిరిగిన ఊళ్ళలో చాలాచోట్ల రెండు గడుల్లోనూ ఒకే పేరు కనిపిస్తుంది. అదేమంటే ఎప్పటినుంచో అట్లాగే రాస్తున్నామంటారు. 1974లో సుందరయ్య లెక్క తీయించింది ఆ రెండో గడి సంగతే.