పూవు, పొగచుట్ట, దోమ

మస్కిటో కాయిల్‌ను కొనితెచ్చుకొన్న గృహస్థునకు మొదటి చిక్కు దోమలవలన గాక తన చేతివ్రేళ్లవలననే కలుగును. ఒకదాని కడుపులో నొకటిగా మెలిగొని జంటగా వచ్చెడు ఆ చుట్టలను విడదీయబోగా రెంటిలో నొకటి పుటుక్కున విఱుగుటయు, విఱిగిన తునకను ఆ పలుచని రేకుముక్కపై నిలుపలేక ఏ కొబ్బరిచిప్ప యంచుననో యానించి వెలిగించుటయు మనలో పెక్కుండ్రకు అనుభవైకవేద్యములే. ఇంతటి యల్పవస్తువునకు జీవితచరిత్రమేమి యని పాఠకులు నవ్వవచ్చును. కాని ఆడ్రియాటిక్ సముద్రతీరపు కొండలలో పూవుగా బుట్టి, జపానులో చుట్టగా రూపుదాల్చి, అమెరికా, ఇంగ్లండుల ప్రయోగశాలలలో పునర్జన్మమెత్తి, నేడు మన పడకటిండ్లలోనే దోమచేత నవమానింపబడుచున్న ఈ పదార్థమునకు చరిత్ర యున్నది. నగరములలో దోమ మందులకు లొంగకపోవుట యెట్లు సంభవించెనో తెలిసికొనుటకు దీని వెంట నడచుటకంటె సుగమమైన త్రోవ నాకు వేఱొకటి కానరాదు.

ఆ పూవు పేరు పైరెత్రము. తెల్లని రేకులు, నడుమ పచ్చని బొడ్డు. చూపులకు మన చామంతికి చెల్లెలు. డాల్మేషియా ప్రాంతపు రాతినేలలలో సహజముగా పెరిగెడిది. దీనికి దాయాదియైన కాకససు పర్వతప్రాంతపు పూలపొడి పూర్వము ‘పారసీక చూర్ణము’ అను పేరుతో ఐరోపా కెగుమతియై, నల్లులకును పేలకును మందుగా చెల్లుబడియగుచుండెను. టిఫ్లిస్ నగరమున దాని మర్మమెఱిగివచ్చిన త్సాహెర్ల్ అను వర్తకుడు వియన్నాలో దానితోనే గొప్ప వ్యాపారము సాగించెను. పొడిని చల్లుటయే అందఱెఱిగిన పద్ధతి. దానిని కాల్చి గాలిలోనికి పంపి నిద్రించువానికి కావలి పెట్టవచ్చునను ఊహ జపానులో పండినది.

వకయామ మండలమున నారింజతోటలు గల కుటుంబములో బుట్టిన ఉయెయామ ఎయిచిరో 1886లో ఒక అమెరికను వర్తకునివలన ఈ విత్తనములను సంపాదించి సాగుచేయించెను. మొదట పూలపొడిని రంపపుపొట్టుతో కలిపి కుంపటిలో వేసి చూచిరి. వేసవిరాత్రి దోమల బాధకు తోడు కుంపటి సెగను కూడ భరించుటకు ఎవరు సమ్మతింతురు? పిమ్మట బుద్ధసన్నిధిని వెలిగించు అగరువత్తుల పోలిక తోచి, 1890లో ఆ పొడిని జిగురుతో పిసికి పుల్లలుగా చేయించెను. ఆ పుల్ల సుమారు 40 నిమిషములలో కాలిపోయెడిది. యజమాని గాఢనిద్రలో మునుగునప్పటికి కావలివాడు కొండెక్కెడివాడు. పొడవు పెంచిన విఱుగును, లావు చేసిన పొగ మిక్కుటమగును. 1895లో ఆయన భార్య యూకి దానిని చుట్టగా చుట్టిన బాగుండునని సూచించెను. చుట్టచుట్టుకొన్న పామును చూచి ఆమెకీ తలంపు కలిగెనని చెప్పుదురు. పాము మాట యెట్లున్నను తలంపు మాత్రము గొప్పది. అఱచేతి వెడల్పులో రెండడుగులకు మించిన పొడవు నిమిడ్చి, రాత్రి పొడవునను ఆఱకుండునట్లు చేసినది. అది యంగడి కెక్కునప్పటికి 1902వ సంవత్సరము వచ్చెను.

ఇచ్చట నొక విశేషము గలదు. పుల్ల వెలిగిన 1890లో గాని, చుట్ట తోచిన 1895లో గాని మలేరియాను దోమ మోయునని ఎవరును నిరూపించి యుండలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపుగోడపై ఆ పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో చూచినదాక ఆ మర్మము బయల్పడలేదు. కనుక ఈ యస్త్రము శత్రువు నిజస్వరూపము తెలియకమునుపే సిద్ధమైనది. కేవలము నిద్రాభంగమునకు విరుగుడుగా పుట్టి, అటుపిమ్మట ప్రాణరక్షకమను గౌరవమును పైన వేసికొన్నది.

పూవులోని విషమేమి యను ప్రశ్నను జూరిచ్ నగరమున స్టౌడింగర్, రుజిచ్కా అను రసాయనవేత్తలు చేపట్టి, దాని నిర్మాణమును 1924లో ప్రకటించిరి. ఉభయులును తరువాత వేఱు పరిశోధనలకు నోబెల్ బహుమానము నందినవారే. ఆ విషము దోమను కూల్చు రీతి విచిత్రమైనది. నరము వెంట వార్త సాగుటయనగా, నరపు పొరలో సోడియము కణములు దూఱుటకై యున్న సన్నని ద్వారములు వరుసగా తెఱచుకొని, ఱెప్పపాటులో నల్పాంశమైనను గడువకముందే మరల మూసికొనుట. పైరెత్రిన్ అను ఆ విషపుటణువు ఆ తలుపుసందున చీలవలె దిగబడును, తలుపు మూతపడదు, ఒక్కమాఱు పలుకవలసిన నరము ఆగక పలుకుచునే యుండును, దోమ గిరగిర తిరిగి వెల్లకిల పడును. మనకును అట్టి ద్వారములే యున్నవి గాని, అవి ఆ విషమునకు అంతగా లొంగకపోవుటవలనను, మన నెత్తుటి వెచ్చదనమువలనను, మన కాలేయము దానిని త్వరితముగా విఱుగగొట్టుటవలనను బ్రదికిపోవుచున్నాము. ఇది విషము మాట. పొగ మాట వేఱు. ఒక్క కాయిల్ కాలి వెలువరించు సూక్ష్మధూళి 75 మొదలు 137 వఱకు సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటితమైన యొక పరిశోధన తెల్పినది. విచారకరమేమనగా దోమను కొట్టునది ఆ పొగ కానేకాదు. నిప్పుకు కొంచెమెడముగా వేడెక్కిన భాగమునుండి ఆవిరియగు మందు.

పూలమందునకు రెండు లోపము లుండెను. ఎండ తగిలిన చెడును. మోతాదు చాలకున్న, పడిన కీటకము కొంతసేపటికి లేచి యెగిరిపోవును. రెండవ లోపమునకు విరుగుడు 1940 ప్రాంతమున అమెరికాలో దొరకినది, అదియు మన వంటయింటి నువ్వులనూనెలో! నువ్వులనూనెకు తనంత తాను దోమను చంపు శక్తి లేదు; కాని కీటకదేహములో విషమును విఱుగగొట్టెడు ఎంజైముల చేతులు కట్టివేయును. యుద్ధకాలమున అమెరికను సైనికులకిచ్చిన తుంపరడబ్బాలలో పైరెత్రముతోపాటు ఈ నూనెయు చేరెను. అదే కాలమున, 1939లో, స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డీడీటీకి గల కీటకసంహారశక్తిని కనిపెట్టెను. అది చవుక, గోడపై కొట్టిన నెలలతరబడి నిలుచునది. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను, పూవు మూలబడెను.

కథకు ముడి ఇచ్చటనే పడినది. డీడీటీ రూపమున పైరెత్రిన్‌ను పోలదు. కాని అది దిగబడుచోటు ఆ సోడియము ద్వారమే. డీడీటీకి లొంగని ఇటలీ ఈగలు పైరెత్రిన్లకును లొంగకుండుటను 1951లోనే బస్వైన్ అను ఆంగ్ల కీటకశాస్త్రజ్ఞుడు గమనించెను. పూవు విషమును అనుకరించి చేసిన మందులగు కృత్రిమ పైరెత్రాయిడ్ల యుగమింకను పొత్తిళ్లలో నుండగనే దాని పరాజయమునకు జాతకచక్రము వేయబడినదన్నమాట.

ఐనను యుగము వచ్చినది. 1949లో షెక్టర్, లాఫోర్జ్ మొదలగువారు అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో పూవుతో పనిలేని అల్లెత్రిన్‌ను తయారుచేసిరి. కాయిల్ తోటను విడిచి కర్మాగారమును పట్టెను. 1973లో ఇంగ్లండున రోథామ్‌స్టెడ్‌లో మైకేల్ ఎలియట్ బృందము ఎండకు చెడని పెర్మెత్రిన్‌ను, వెంటనే డెల్టామెత్రిన్‌ను ప్రకటించెను. ఎండదోషము తీరినంతనే మందు ఇల్లు దాటి పొలమెక్కెను. గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిరైతులు 1987-88లో శనగపచ్చ పురుగుపై ఈ జాతి మందులను మరల మరల చల్లియు పంట పోగొట్టుకొని కన్నీటితో చూచినదానినే పట్టణవాసులమగు మనము నేడు పడకగదిలో తీరికగా చూచుచున్నాము.

‘దోమలు మందుకు అలవాటుపడినవి’ అని మనము తఱచుగా అనుకొందుము. దోమ దేనికిని అలవాటుపడదు. లెక్కలేని దోమలలో పుట్టుకతోనే ద్వారపు కొలత తప్పినది ఎచ్చటనో యొకటి యుండును. మందు తక్కినవానిని ఏరివేయును. తప్పినదాని సంతతి ఊరు నిండును. ఆ తప్పు యెంత చిన్నదనగా, మలేరియాను మోయు కొన్ని అనాఫిలిస్ దోమలలో ఆ ద్వారపు మాంసకృత్తునందు 1014వ స్థానమున ల్యూసిన్‌కు బదులు ఫినైల్ అలనిన్ చేరిన చాలును. అందులకు జన్యులిపిలో మాఱవలసినది ఒకే యక్షరము. డెంగ్యూను మోయు ఈడిస్ ఈజిప్టై దోమకు అచ్చటనే అట్టి మార్పు రావలెనన్న రెండక్షరములు మాఱవలెను. కనుక అది 1016, 1534 మొదలగు వేఱు స్థానములను వెదకికొన్నది. వెదకికొన్నదనుట నా నోటి పొరపాటే. ఆ మార్పులు గలవి మిగిలినవి. మఱియొక తెఱగు, పైన చెప్పిన ఎంజైములు దోమ దేహమున అమితముగా పెరుగుట. దీనికొఱకే నేడు కొన్ని దోమతెరలలో మందుతోపాటు పైపరోనిల్ బ్యుటాక్సైడును చేర్చుచున్నారు. పేరు కొత్తది, పని నాటి నువ్వులనూనె పనియే.

నాకు తోచినంతవఱకు దోషము మందుయందు లేదు, మందు ఒక్కటియే యగుటయందున్నది. కాయిల్‌లో అల్లెత్రిన్, ప్లగ్గునకు తగిలించు సీసాలో ట్రాన్స్‌ఫ్లుత్రిన్, దోమతెరలో డెల్టామెత్రిన్, బొద్దింకలపై కొట్టు డబ్బాలో సైపెర్మెత్రిన్, జ్వరము వచ్చిన యింటిలో ఆరోగ్యసిబ్బంది కిరోసినుతో కలిపి చల్లు పైరెత్రము సారము: పేళ్లు వేఱు, వెలలు వేఱు, అట్టపెట్టెలపై బొమ్మలు వేఱు, దోమకు తట్టెడు తలుపు మాత్రమొక్కటే. (వీధులలో తిరుగు పొగయంత్రమున వాడెడు మలాథియాను వేఱు జాతిది.) దీనికి వేళ తప్పుటయు తోడైనది. ఈడిస్ కుట్టునది పగటిపూట, ముఖ్యముగా ప్రొద్దుటను, ప్రొద్దువాలువేళను. మనము కాయిల్ వెలిగించునది రాత్రి. అప్పుడది మంచము క్రిందనో, కొక్కెమునకు తగిలించిన చొక్కాల మడతలలోనో విశ్రమించుచు, చంపజాలని మోతాదును తెల్లవాఱులు అనుభవించుచుండును.

లొంగుబాటును కొలుచు పరీక్ష మిక్కిలి సాదా. నిర్ణీత మోతాదు మందు పూసిన కాగితము చుట్టిన గొట్టములో దోమలను గంటసేపుంచి, 24 గంటల పిమ్మట లెక్కింతురు. నూటికి 98 చచ్చిన మందు సజీవము. 90కి లోబడిన నిరోధము స్థిరపడినట్లు. కంబోడియా, వియత్నాము దేశముల ఈడిస్ దోమలలో ఆ సోడియము ద్వారపు 982వ స్థానపు మార్పును, దానికి 1534వ స్థానపు మార్పు తోడైనచో నిరోధము వందల రెట్లకు పెరుగుటను 2022లో ప్రకటించినవారు టోక్యోలోని సాంక్రామిక వ్యాధుల జాతీయ పరిశోధనాలయమువారు. కాయిల్‌ను లోకమున కిచ్చిన దేశమే దాని మందు నాడియు పట్టి చూచినది.

ఇక మూలబడిన పూవు మాట. పైరెత్రము పొలములు నేటికిని కెన్యా మెట్టభూములలో పూయుచున్నవి. దోమ ఆ పూవు సారమునుండి తొలగిపోవుటకు కారణము విషమొక్కటియే కాదని 2021లో తేలినది: అందులో స్వల్పముగా నుండు ఫార్నెసీన్ అను వాసనద్రవ్యము ఈడిస్ మీసములందలి యొక ఘ్రాణగ్రాహకమును మేల్కొల్పును, విషము నరమునందు, వాసన ఘ్రాణమునందు ఒక్కమాఱే పనిచేయగా దోమ వెనుదిరుగును. అల్లెత్రిన్‌ను వండినవారు విషమును మాత్రమే అనుకరించి, వాసనను పూవునకే విడిచిపెట్టిరి.