పెళ్లిరోజు విందులో వైనూ పులసా

పెళ్లిరోజును ఏటేటా జరుపుకోవడం గోదావరి జిల్లాల్లో పాత ఆచారం కాదు. దాంపత్యానికి సంబంధించి సంప్రదాయం గుర్తించిన పెద్ద వేడుక షష్టిపూర్తి. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై తెలుగు సంవత్సరాలు ఒక చుట్టు తిరిగి, భర్త పుట్టిన సంవత్సరమే మళ్లీ వచ్చినప్పుడు శాంతి జరిపించి, భార్య మెడలో తిరిగి మంగళసూత్రం కట్టిస్తారు. ఇరవై ఐదేళ్లకు రజతోత్సవం, యాభై ఏళ్లకు స్వర్ణోత్సవం, ఏటా కేకు, హోటల్ భోజనం తరవాతి కాలంలో వచ్చి చేరాయి. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కావడం వల్ల, పెళ్లి జరిగిన తిథి అధికమాసం వచ్చి సర్దేదాకా ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటుంది కాబట్టి, ఈ కొత్త వేడుకకు ఇంగ్లిషు తేదీయే స్థిరపడింది.

ఇప్పుడు చాలా కుటుంబాల్లో ఆ రోజు రెండు భాగాలుగా గడుస్తుంది. ఉదయం అన్నవరం రత్నగిరి మీద దంపతులు పీటలపై కూర్చుని సత్యనారాయణ స్వామి వ్రతం చేసుకుంటారు. సాయంత్రం రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో పిల్లలతో కలిసి హోటల్‌కు వెళ్తారు. వ్రతం నాడు నీచు ముట్టరు కాబట్టి ఆ పూటకు ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుత్తివంకాయలతో సరిపెట్టుకుని, చేపల విందును మరునాటికి వాయిదా వేసుకుంటారు.

ఐరోపా దేశాల్లో ఇలాంటి విందుకు మంచి వైన్ సీసా నిండుదనం తెస్తుంది. ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే ఈ పానీయానికి విలువ కట్టేటప్పుడు తోట ఉన్న నేలను, పంట కోసిన సంవత్సరాన్ని, నిలవ ఉంచిన కాలాన్ని చూస్తారు. పెళ్లయిన ఏటి పంటతో చేసిన సీసాను కొని దాచి, రజతోత్సవం నాడు తెరిచేవారూ ఉన్నారు. గోదావరి డెల్టాలో ఈ అలవాటు వేరూనకపోవడానికి నేలా, చరిత్రా రెండూ కారణమే. ఇక్కడి ఒండ్రునేల, తేమగాలి వరికీ కొబ్బరికీ అరటికీ అనువైనవి కాగా, వైన్ ద్రాక్ష నాసిక్ పరిసరాల్లోనూ బెంగళూరు దగ్గరి నంది కొండల ప్రాంతంలోనూ పండుతుంది. డెల్టా నడుమనే ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నా, చుట్టుపక్కల ఊళ్ల విస్తళ్లలోకి వారి భోజన పద్ధతి రాలేదు. పైగా నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ముందు నిలిచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించినా, ఇంటిల్లిపాదీ కూర్చున్న చోట గ్లాసు పట్టుకోవడానికి నేటికీ చాలామంది జంకుతారు. బార్ లైసెన్సు లేని హోటళ్లలో వైన్ దొరకదు. 21 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు.

అయినా నేలనూ కాలాన్నీ బట్టి విలువ కట్టే రసికత ఇక్కడ లేకపోలేదు, అది పులస చుట్టూ అల్లుకుంది. సముద్రంలో ఇలసగా ఉండే హిల్సా చేప, వానాకాలంలో ఎర్రనీరు పోటెత్తినప్పుడు గుడ్లు పెట్టడానికి బంగాళాఖాతం నుంచి గోదావరిలోకి ఎదురీదుతూ వచ్చి పులస అవుతుంది. ఒంట్లో కొవ్వు నిండిన ఆ కొద్ది వారాలే దాని రుతువు. పుస్తెలు అమ్మైనా పులస తినాలని ఇక్కడి సామెత. పెద్ద చేప ఒక్కటి ఇరవై వేల రూపాయలు దాటిన సందర్భాలూ ఉన్నాయి. వండే తీరులోనూ తొందర పనికిరాదు: మట్టిదాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు, పచ్చిమిర్చి వేసి, గరిటె పెట్టకుండా దాకనే కుదుపుతూ సన్నటి మంట మీద మరగనిచ్చి, రాత్రంతా అలాగే ఉంచి, ముక్కకు పులుపూ కారమూ పట్టాక మరునాడు తింటారు.

ఇలాంటి పులుసు పక్కన వైన్ పెట్టదలచినవారు ఎరుపు రకాన్ని ఎంచుకుంటే నిరాశే మిగులుతుంది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ అనే వగరు పదార్థం కారాన్ని మరింత మండిస్తుంది. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచువాసనను పెంచుతుంది. చింతపండు ముందు తేలిపోకుండా నిలవాలంటే వైన్‌కూ తగినంత పులుపు ఉండాలి కాబట్టి, నాసిక్‌లో పండే షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసి, కొద్దిగా తీపి మిగిల్చిన తెల్ల వైన్‌ను బాగా చల్లబరిచి ఇవ్వడం మేలు. విందు చివర వడ్డించే ఆత్రేయపురం పూతరేకులకు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతి తీపికి, ఏ తోడూ అక్కరలేదు.

అయితే వైన్‌కూ పులసకూ ఒక తేడా ఉంది. సీసాను పాతికేళ్లు దాచవచ్చు గాని, చేపను దాచలేరు. పైగా అది దొరకడమే తగ్గుతోంది: నది మీది ధవళేశ్వరం బ్యారేజీ దాని దారికి అడ్డుగా నిలిచింది, దిగువన గుడ్లతో ఉన్న చేపలనే వలలు పట్టేస్తున్నాయి; దొరికేవి తగ్గేకొద్దీ ఒడిశా, బెంగాల్ తీరాల హిల్సాను పులస పేరుతో అమ్మడం పెరిగింది. ఇప్పుడు పెళ్లి చేసుకుంటున్న జంటల రజతోత్సవానికి గోదావరి పులస విస్తట్లోకి రావాలంటే, గుడ్లు పెట్టే రోజుల్లో వేటకు విరామం ఇవ్వడం, చేప పైకి ఎక్కే దారి కల్పించడం ఇప్పటి నుంచే జరగాలి.