సపోటాకు పాలచెట్టు వేళ్లు ఎందుకు?

సూరత్ లింబాయత్‌లో ఉండే తెలుగు పిల్లలకు చీకూ బాగా తెలుసు. అదే మన సపోటా. అక్కడికి దక్షిణాన నవ్‌సారి, గణదేవి వైపు వెళ్తే ఎటు చూసినా దాని తోటలే. ఎక్కువగా కాలీపత్తి రకం. అయితే ఆ చెట్లలో చాలావాటికి పైన ఉన్నది సపోటా, కింద వేళ్లు మాత్రం పాలచెట్టువి! వేసవిలో చిన్నచిన్న పసుపు పాలపండ్లు కాస్తుందే, ఆ చెట్టు. గుజరాతీలు రాయణ్ అంటారు.

విత్తనం నాటితే సరిపోదా? మొక్క వస్తుంది కానీ తల్లిచెట్టు లాంటి పండే కాస్తుందన్న నమ్మకం లేదు. కాపుకూ ఏళ్లు పడతాయి. అందుకే మంచి చెట్టు కొమ్మను వేరే మొక్క మీద అంటు కడతారు.

సపోటా పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. పాలచెట్టు మన ఎండలకు, మెట్టనేలలకు అలవాటు పడింది, అందుకే వేళ్లకు దాన్ని ఎంచుకుంటారు. పైగా రెండూ ఒకే కుటుంబానివి. ఏది కోసినా తెల్లటి పాలే కారతాయి. రెండింటి బెరడు కిందుండే పలుచని పచ్చి పొరలు ఒకదానికొకటి తగిలేలా కట్టేస్తే కణాలు పెరిగి అతుక్కుంటాయి, నీళ్లు పైకి పారతాయి. దూరపు జాతులైతే అతకవు. మామిడి మీద సపోటా కుదరదు. రాయలసీమలో బత్తాయిని జంబేరి మీదో రంగపూర్ నిమ్మ మీదో కట్టేదీ అవి దగ్గరి బంధువులు కాబట్టే.

చిక్కల్లా పాలమొక్క నిదానంతోనే. అది పెన్సిలంత లావయ్యేదాకా నర్సరీవాళ్లు ఓపిక పట్టాలి.

అంటుమొక్క కొంటే అతుకు ఎక్కడుందో చూడండి. దాని కింద చిగురు వచ్చి, ఆకు కొన దగ్గర చిన్న నొక్కు కనిపిస్తే అది పాలచెట్టుదే. వెంటనే గిల్లేయండి. లేదంటే సపోటాను అణిచేసి అదే పెరుగుతుంది.