మంచుతెరలో చెట్లు



ఫోటోల సంగతి చెబుతానంటే, "అది స్టూడియోవాళ్ల పని, మనకెందుకమ్మా" అనే రోజులు పోయాయి. ఇప్పుడు ఇంటింటా సెల్‌ఫోను, అందులో కెమెరా. పొయ్యిమీద పాలు పెట్టి కూడా ఫోటోలు తీస్తున్నాం. కాని క్యాలెండర్లలో చూస్తుంటామే, చెట్ల సందుల్లోంచి వెలుగు పాలనురుగులా దిగుతూ, ఆకులన్నీ కలలో కనిపించినంత మెత్తగా ఉండే బొమ్మ, అది మనం తీస్తే ఎందుకు రాదు? ఈ ప్రశ్న నాకు మా అమ్మ వల్ల వచ్చింది.

మా పుట్టిల్లు నందవరం. పడమటి కర్నూలు సీమంటే మీకు తెలుసుగా, నల్లరేగడి, జొన్న, పత్తి, ఎండ. నల్లమల అడవి చూడాలంటే తూర్పుకు చాలా దూరం పోవాలి. మాకు అడవైనా, వనమైనా తుంగభద్ర వైపున్న చింతతోపే. ఒక చలికాలం పొద్దున అమ్మను అక్కడికి తీసుకెళ్లాను. "పాపా, చెట్లన్నిటికీ తెల్లచీర కట్టినట్లుంది చూడు, ఎంత బాగుందో!" అంది. నేను చూస్తే మంచు ఎప్పుడో విడిపోయి ఎండ ఫెళ్లుమంటోంది. అంతకుముందే ఆమె, దీపం చుట్టూ గుడి కట్టినట్టు కనిపిస్తోందని రెండు మూడుసార్లు అంది. "కళ్లద్దాలు తుడుచుకో అమ్మా" అని నేను పని చూసుకున్నాను. డాక్టరుగారు చూసి శుక్లాలన్నారు.

కంట్లోని కటకం మసకబారితే, లోపలికి పోయే వెలుగు తిన్నగా పోక చెదురుతుంది. అందుకే దీపం చుట్టూ గుడి. క్యాలెండరు బొమ్మలోని మాయ కూడా సరిగ్గా ఇదే! ఇక్కడ మనలో చాలామంది పొరపడతాం. ఫోకస్ తప్పిన బొమ్మ వేరు, మెత్తని బొమ్మ వేరు. చెయ్యి వణికి ముగ్గు వంకరపోవడం ఒకటి, చక్కగా వేసిన ముగ్గు మీద పల్చగా పిండి జల్లడం మరొకటి. రెండోదానిలో గీత అలాగే ఉంటుంది, దానిమీద తెల్లని పొర ఉంటుంది. మెత్తని బొమ్మలో కూడా అడుగున మాను, కొమ్మ స్పష్టంగా ఉండాలి. వెలుగు మాత్రం అంచులు దాటి చీకట్లోకి పొంగాలి.

కెనడాలో మైకేల్ ఆర్టన్ అనే ఫోటోగ్రాఫరు 1980లలో అడవి దృశ్యాలకు చేసింది ఇదే. ఒకే దృశ్యాన్ని ఒకసారి స్పష్టంగా, ఒకసారి ఫోకస్ తప్పించి రెండు స్లైడులు తీశాడు. రెంటిలోనూ వెలుగు ఎక్కువ పడనిచ్చి, ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాడు. విడివిడిగా వెలవెలబోయే రెండు బొమ్మలు కలిసేసరికి నిండుగా వచ్చాయి. ఇప్పుడు ఫోనులోనే ఆ పని అవుతుంది. బొమ్మలు దిద్దే ఆప్‌లో ఫోటోకు నకలు తీసి, నకలును మసకచేసి, సగం పల్చగా అసలుమీద పరచడమే. సగానికి మించితే తోపు కాస్తా పొగాకు బ్యారన్ అవుతుంది, నాదీ పూచీ!

ఆప్‌లు వద్దనుకుంటే ఇంట్లోనే ఉపాయాలున్నాయి. కటకం మీద ఒకసారి నోటి ఆవిరి ఊదండి. మొదట అంతా తెల్లగా ఉంటుంది, కొద్ది క్షణాల్లో విడిపోతుంది. సగం విడిన ఆ క్షణంలో నొక్కాలి. పాతకాలపు కెమెరావాళ్లు వ్యాజిలైను పూసేవారు. కాని కటకానికి మాత్రం పూయకండి. దాని ముందు పెట్టే గాజుకు, అదీ నడుమ వదిలి అంచులకు పూయాలి. పెద్ద కెమెరాల ముందు పల్చని వలగుడ్డ కట్టడం కూడా ఉంది. తెల్లగుడ్డ నీడలను కూడా పాలిపోయేట్టు చేస్తుంది, నల్లగుడ్డ నీడలను నల్లగానే ఉంచుతుంది. మాకు ఎమ్మిగనూరు మగ్గం గుడ్డలకు కొదవలేదు కనుక ఒక పాత పీలిక ఫోనుకు కట్టి చూశాను. ఫోను కటకం చిన్నది కదా, తోపుకు బదులు పడుగూ పేకా పడ్డాయి.

ఏ ఉపాయమైనా వెలుగు సరిగా లేకపోతే దండగ. ధనుర్మాసంలో మనం వాకిట ముగ్గు పెట్టి లేచే వేళ చూడండి, అది సరైన సమయం. సూర్యుడు చెట్ల వెనక, మీరు ఇవతల ఉండాలి. ఒక మాను చాటున సూర్యుణ్ణి దాచండి. మంచులో కెమెరా తెలుపును చూసి బెదిరి బొమ్మను నల్లబరుస్తుంది. ఫోను తెరమీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. మిట్టమధ్యాహ్నం మాత్రం పోకండి, ఆకులు అట్లకాడల్లా వస్తాయి.

ఆడవాళ్లకిదంతా ఏం తెలుస్తుందంటారా? జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒకావిడ, 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. ఇంగ్లండులో ఉండగా 1863లో, 48వ ఏట, కూతురూ అల్లుడూ కెమెరా కానుక ఇచ్చారు. బొగ్గుల కొట్టును చీకటిగదిగా, కోళ్లగూటిని స్టూడియోగా మార్చుకుంది. ఆవిడ తీసింది చెట్లను కాదు, మనుషుల్ని. ఆ మెత్తదనాన్ని చూసి, ఫోకస్ రాదని పత్రికలవాళ్లు వెక్కిరించారు. ఆవిడ మార్చుకోలేదు. మన మాయాబజార్ (1957) పడవపాటలో వెన్నెలను చూసి మురిసిపోతామే, అది కూడా మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో సృష్టించిందే.

ఒక్క మాట. కెమెరా లేకుండానే మీకుగాని, ఇంట్లో పెద్దవాళ్లకుగాని దీపం చుట్టూ గుళ్లు కనిపిస్తుంటే కళ్లద్దాలు తుడుచుకోమనకండి. శుక్లమైతే ఆపరేషను చేసి కొత్త కటకం పెడతారు, చూపు వస్తుంది. నీటికాసులైతే పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలంటే ఆలస్యం పనికిరాదు.

అమ్మకు రెండు కళ్లూ ఆపరేషనైంది. అమ్మ అంతకుముందు చూసిన తోపు ఎలా ఉండేదో చూపించాలని, నాలుగు పొద్దులు తిరిగి, ఆవిరి ఊది, ఒక బొమ్మ కుదిర్చాను. ఆమె చేతికిచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇంత మసగ్గా తీసినావేమి పాపా, ఆ ఫోను అద్దం తుడుచుకోగూడదా?" అంది.